పక్షవాతం తర్వాత ఎంత కోలుకున్నారు? మొదటి వారం నుంచి కొలిచే పద్ధతి

మంచం పట్టిన మనిషి లేచి నాలుగడుగులు వేయగానే ఇంట్లోవాళ్లు అడిగే మాట ఒకటుంది: "ఎంత పర్సెంట్ వచ్చినట్టండీ?" ఫిజియోథెరపిస్టుగా ఈ మాట దాదాపు రోజూ వింటాను. ఆ గొంతులో ఆత్రం తెలుసు కాబట్టే, ఏదో ఒక అంకె చెప్పి పంపించడానికి మనసొప్పదు. డెబ్బై శాతం అంటే దేనిలో డెబ్బై? నడకలోనా, చేతిలోనా, మాటలోనా? ఏ రోజుతో పోలిస్తే?

ఈ పనిలో చేరిన కొత్తలో నేనొక పొరపాటు చేశాను. కుడి పక్క పడిపోయిన ఒకావిడకి ఆరో వారానికి, రోజువారీ పనులు తనంతట తాను చేసుకోగలరా అని చూసే బార్తెల్ స్కోరు నూటికి నూరు వచ్చింది. తనంతట తాను తింటున్నారు, స్నానం చేస్తున్నారు, బట్టలు వేసుకుంటున్నారు, మెట్లెక్కుతున్నారు. "పూర్తిగా కోలుకున్నారు" అని రాసి ఫైలు మూసేశాను. వెళ్లే ముందు ఆవిడ కుర్చీలో కూర్చుంటూ కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు, నిద్రపోతున్న పసిపిల్లని పడుకోబెట్టినట్టు. తిండి, స్నానం, బట్టలు అన్నీ ఎడమ చేత్తోనే నడుస్తున్నాయని నాకప్పుడు అర్థమైంది. కుడి చెయ్యి మొదట్లో ఎక్కడుందో అక్కడే ఉంది. బార్తెల్ లెక్క ప్రకారం ఆ నూరు సరైనదే. అది దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో పట్టించుకోకుండా "పూర్తిగా" అన్న మాట రాసింది నేను.

ఆ మాట రాసే ముందు ఏమేం చూడాలో ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకీ, పునరావాస విభాగంలో కొత్తగా చేరిన థెరపిస్టులకీ పనికొస్తుంది. ఏది ఆస్పత్రిలో చేయించాలో, ఏది ఇంట్లో చేసుకోవచ్చో ఎక్కడికక్కడ చెబుతాను.

అడుగు 1: దేన్ని కొలుస్తున్నారో ముందు విడదీసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ అనే వర్గీకరణ మనిషి పరిస్థితిని మూడు అంతస్తుల్లో చూడమంటుంది. మొదటిది శరీరం: వేళ్లు తెరుచుకుంటున్నాయా, స్పర్శ తెలుస్తోందా, కండరాలు బిగుసుకున్నాయా. రెండోది పని: గ్లాసు ఎత్తి నీళ్లు తాగగలరా, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారగలరా. మూడోది జీవితం: ఉద్యోగానికి వెళ్తున్నారా, నలుగురిలో కూర్చుని మాట్లాడుతున్నారా, ఇంటి లెక్కలు మళ్లీ చూసుకుంటున్నారా. ఈ మూడూ ఒక్కటిగా పెరగవు. చెయ్యి సగమే వచ్చినా దుకాణానికి వెళ్లి కూర్చునేవాళ్లున్నారు. చెయ్యీ కాలూ బాగా వచ్చి కూడా గుమ్మం దాటనివాళ్లున్నారు. మూడింటికీ వేర్వేరు కొలతలు కావాలి.

పని అనే అంతస్తులోనే ఇంకో చీలిక ఉంది. నా దృష్టిలో అసలు కిటుకంతా ఇక్కడే. పోయిన కదలిక తిరిగి రావడం వేరు, అది రాకపోయినా మరో దారిలో పని కానిచ్చుకోవడం వేరు.

ఒకసారి దగ్గర్నుంచి చూడండి. బల్ల మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో గ్లాసు పెట్టండి. మీరు ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. బాగున్న చేత్తో అందుకోమంటే వీపు కుర్చీని వదలదు. భుజం కదులుతుంది, మోచెయ్యి చాచుకుంటుంది. గ్లాసు ఇంకా జానెడు దూరంలో ఉండగానే అరచెయ్యి దాని లావుకు తగ్గట్టు తెరుచుకోవడం మొదలవుతుంది. ఇప్పుడు పడిపోయిన చేత్తో అందుకోమనండి. ముందు భుజం చెవి వైపు లేస్తుంది. మోచెయ్యి ముందుకు చాచుకోకుండా పక్కకి ఎగురుతుంది. అది చాలక ఒళ్లంతా నడుము దగ్గర్నుంచి ముందుకు వాలుతుంది. వేళ్లు తెరుచుకోవు కాబట్టి గ్లాసుని బాగున్న చేత్తో వేళ్ల మధ్యకి తోసుకుంటారు. గ్లాసు నోటి దాకా వచ్చింది. "తాగగలరా?" అన్న ప్రశ్నకి రెండుసార్లూ జవాబు "ఔను" అనే. కానీ రెండో ఔనులో చెయ్యి కోలుకున్నది చాలా తక్కువ, ఒళ్లు సర్దుకున్నది ఎక్కువ.

సర్దుకోవడం తప్పని నేననను. ఏడాది దాటినా వేళ్లు రాని మనిషికి ఒంటి చేత్తో బొత్తాలు పెట్టుకోవడం వస్తే అది పెద్ద గెలుపే. కాకపోతే రెండింటినీ ఒకే గడిలో రాస్తే, చెయ్యి వస్తోందో లేదో ఎప్పటికీ తెలియదు. నోట్‌బుక్‌లో రెండు గీతలు గీసుకోండి: ఒకటి "పని అయిందా", రెండోది "ఎలా అయింది". రెండో దానిలో భుజం లేచిందా, నడుము వాలిందా, రెండో చెయ్యి సాయపడిందా అని రాయండి.

అడుగు 2: మొదటి కొలత మొదటి వారంలోనే

మొదటి అంకె లేకపోతే తర్వాత వచ్చే ఏ అంకెకీ అర్థం లేదు. స్ట్రోక్ (పక్షవాతం) పునరావాసం మీద పనిచేసే పరిశోధకులు 2017లో కలిసి కూర్చుని కాలాన్ని ఇలా విభజించుకున్నారు: మొదటి 24 గంటలు అతితీవ్ర దశ, 7 రోజుల వరకూ తీవ్ర దశ, 3 నెలల వరకూ తొలి ఉపతీవ్ర దశ, 6 నెలల వరకూ మలి ఉపతీవ్ర దశ, ఆపైన దీర్ఘకాలిక దశ. మొదటి కొలత వారంలోపు జరగాలనీ, 3 నెలలకి మళ్లీ చూడాలనీ చెప్పారు. ఆచరణలో నేను పాటించేది ఇది: మొదటి వారం, నెల, 3 నెలలు, 6 నెలలు, ఏడాది. డిశ్చార్జి రోజుని లెక్కలోకి తీసుకోవద్దు. ఒకరు పదో రోజున వెళ్తారు, ఇంకొకరు నలభయ్యో రోజున వెళ్తారు. ఆ తేదీని పడక ఖాళీలూ ఖర్చులూ కూడా నిర్ణయిస్తాయి కాబట్టి దాని మీద పోలిక నిలవదు.

స్ట్రోక్ ఎంత తీవ్రమో చెప్పడానికి ఆస్పత్రిలో మొదటి రోజునే వేసే స్కోరు ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్. 15 అంశాలు, 0 నుంచి 42 వరకు, ఎక్కువైతే దెబ్బ ఎక్కువని అర్థం. డిశ్చార్జి కాగితాల మీద అది రాయించుకోండి. దాని హద్దులు కూడా తెలిసుండాలి. చేతిని 10 సెకన్లు, కాలిని 5 సెకన్లు పైకెత్తి ఉంచగలరా అని చూస్తుందే గానీ వేళ్ల పనితనం ఆ స్కోరులోకి రాదు. అందువల్ల స్కోరు సున్నా వచ్చినా పెన్ను పట్టుకోలేని మనిషి ఉండొచ్చు. భాష మీద ఆధారపడే అంశాలకి 7 మార్కులుంటే, ఒక పక్కని మెదడు పట్టించుకోకపోవడానికి 2 మార్కులే ఉన్నాయి. భాష ఎక్కువమందికి మెదడు ఎడమ సగం పని, పక్కని పట్టించుకోకపోవడం కుడి సగం దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువ. కాబట్టి మెదడు కుడి సగంలో అంతే పెద్ద దెబ్బ తగిలినా స్కోరు చిన్నదిగా కనిపిస్తుంది. "స్కోరు తక్కువే కదా" అని ధీమాగా ఇంటికి వెళ్లి, ఎడమ పక్క గోడలకి గుద్దుకుంటూ తిరిగేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకో రెండు కదలికలు మొదటి 72 గంటల్లోనే చూడాలి: చెయ్యి పక్కకి ఎత్తగలరా, ముడుచుకున్న వేళ్లని కాస్తయినా చాచగలరా. 2010లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఈ రెండూ ఎంతో కొంత ఉన్నవాళ్లకి 6 నెలలకల్లా చేతిలో కొంతైనా పనితనం తిరిగొచ్చే అవకాశం 98 శాతంగా తేలింది. రెండూ లేనివాళ్లకి అది 25 శాతం. వేళ్లలో కనిపించే ఆ చిన్న కదలిక అంత విలువైన సమాచారం. అది ఉందో లేదో తేదీతో సహా రాయించుకోండి. లేదని తేలినా చెయ్యి వదిలేయమని కాదు. ప్రతి నలుగురిలో ఒకరికి వచ్చిందన్న మాట కూడా ఆ లెక్కలోనే ఉంది.

అడుగు 3: ప్రశ్నకి తగిన స్కేలు ఎంచుకోండి

స్కేళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. అన్నీ వేయాలనుకుంటే థెరపీకి సమయం మిగలదు. నేను తరచూ వాడేవి, వాటి బలం, వాటి గుడ్డితనం చెబుతాను.

సవరించిన ర్యాంకిన్ స్కేలు. 1957లో గ్లాస్గో డాక్టర్ జాన్ ర్యాంకిన్ రాసిన దానికి తర్వాత మార్పులు చేశారు. 0 అంటే ఏ లక్షణమూ లేదు. 2 అంటే మునుపటి పనులన్నీ చేయలేకపోయినా తన వ్యవహారాలు తనే చూసుకోగలరు. 3 అంటే సాయం కొంత కావాలి కానీ మనిషి ఆసరా లేకుండా నడవగలరు. 4కి వస్తే ఆసరా లేనిదే నడవలేరు. 5 మంచానికే పరిమితం, 6 మరణం. పెద్ద పెద్ద చికిత్సా పరీక్షల్లో మూడో నెల చివర ఈ అంకెనే చూస్తారు. మందు పనిచేసిందా లేదా అని వేలమందిలో తేల్చడానికి ఇది సరిపోతుంది. ఒక్క మనిషి వారం వారం ఎలా ఉన్నారో చెప్పడానికి చాలదు. 3కీ 2కీ మధ్య నెలల తరబడి కష్టం ఉంటుంది, ఆ కష్టమేదీ అంకెలో కనిపించదు. పైగా ఇద్దరు డాక్టర్లు అదే మనిషికి వేర్వేరు అంకెలు వేయడం మామూలే. ముందుగా రాసుకున్న ప్రశ్నల ప్రకారం అడిగితే ఆ తేడా బాగా తగ్గుతుంది.

బార్తెల్ సూచిక. 1965లో ఫ్లోరెన్స్ మహోనీ, డొరోథియా బార్తెల్ ప్రచురించారు. తినడం, స్నానం, ముఖం కడుక్కోవడం, బట్టలు, మలవిసర్జన మీద అదుపు, మూత్రం మీద అదుపు, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు అనే పది అంశాలకి మొత్తం 100. ఇంట్లో ఎంత సాయం అవసరమో చెప్పడానికి దీన్ని మించింది లేదు. నూరు వచ్చినంత మాత్రాన ఒంటరిగా బతకగలరని కాదని, వంట చేయలేకపోవచ్చని, ఇల్లు చక్కబెట్టుకోలేకపోవచ్చని రాసినవాళ్లే హెచ్చరించారు. మాట, జ్ఞాపకం, ఆలోచన ఇందులో లేవు. ఏ చేత్తో చేశారన్నదీ లేదు. నేను బోల్తా పడింది అక్కడే.

ఫ్యూగ్ల్ మేయర్ పరీక్ష. చెయ్యి నిజంగా వస్తోందా అన్న ప్రశ్నకి నేను నమ్మేది దీన్నే. 1975లో స్వీడన్‌లో పుట్టింది. చేతికి 66, కాలికి 34, మొత్తం కదలికలకి 100. ఒక్కో కదలికకి 0, 1, 2 మార్కులు. ఇందులో గ్లాసు అందిందా లేదా అని కాకుండా, మోచెయ్యి ముడవకుండా భుజాన్ని విడిగా ఎత్తగలరా, మణికట్టు నిలబడుతుందా అని చూస్తారు. ఒళ్లు వంచి గట్టెక్కే అవకాశం తక్కువ. శిక్షణ ఉన్న థెరపిస్టు చేయాలి, అరగంట దాకా పడుతుంది. మొదటి వారంలోనూ మూడో నెలలోనూ ఇది చేశారా అని అడిగి తెలుసుకోండి.

యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్టు. 19 పనులు, 57 మార్కులు. చెక్క దిమ్మెలు ఎత్తడం, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం, గోలీ లాంటి చిన్న గుండుని రెండు వేళ్లతో పట్టుకోవడం, చేతిని తల వెనక్కి పెట్టుకోవడం. పని పూర్తయినా ఎక్కువసేపు పట్టినా, కష్టంగా జరిగినా 3కి బదులు 2 వేస్తారు. చేతి పనితనానికి ఇది మంచి కొలత. ఫ్యూగ్ల్ మేయర్ పెరగకుండా ఇది ఒక్కటే పెరిగితే, చెయ్యి కొత్త దారులు వెతుక్కుంటోందని నేను అర్థం చేసుకుంటాను.

నిలకడకి బెర్గ్ స్కేలు ఉంది, 14 అంశాలు, 56 మార్కులు. కండరాల బిగుతుకి సవరించిన ఆష్‌వర్త్ స్కేలు ఉంది. బిగుతు తగ్గితే హాయిగా ఉంటుంది నిజమే, కానీ అంతమాత్రాన చెయ్యి పని నేర్చుకోదు. ఆ ఒక్క అంకె చూసి చెయ్యి కోలుకుందని అనుకోవద్దు.

అడుగు 4: ఇంట్లో మీరే చేయగల కొలతలు

ముందుగా ఒక జాగ్రత్త. మూతి మళ్లీ వంకరపోయినా, చెయ్యో కాలో ఉన్నట్టుండి మునుపటికన్నా బలహీనపడినా, మాట ముద్దగా వచ్చినా, చూపు పోయినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా అది కొలిచే సమయం కాదు. వెంటనే అత్యవసర వైద్యానికి తీసుకెళ్లాలి. జ్వరం ఉన్న రోజున, నిద్రలేని రాత్రి తర్వాత కూడా కొలవకండి. ఆ అంకెలు తక్కువ వస్తాయి, మనిషి కుంగిపోతారు.

నడక వేగం. నాకున్న అన్ని కొలతల్లోకీ ఇది చవకైనది, నమ్మకమైనది. 14 మీటర్ల దారి చూసుకోండి. మొదటి 2 మీటర్లు వేగం అందుకోవడానికి, చివరి 2 మీటర్లు ఆగడానికి, మధ్యలోని 10 మీటర్లకే టైము. ఆ 10 మీటర్లు మొదలయ్యే చోట, ముగిసే చోట నేల మీద టేపుతో గుర్తులు పెట్టండి. మామూలుగా నడిచే వేగంతోనే నడవమనండి, తొందరపెట్టకండి. మీరు పడిపోయిన పక్కన అరడుగు వెనకగా, పట్టుకోవడానికి వీలుగా నడవండి. ముందు నడిస్తే మీ వేగమే వాళ్ల వేగమవుతుంది. ముందు పాదం మొదటి గుర్తు దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి, చివరి గుర్తు దాటగానే ఆపండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. ఊతకర్ర వాడితే రాయండి, మళ్లీసారీ అదే కర్రతో నడిపించండి. ఇంట్లో అంత చోటు లేకపోతే 4 మీటర్లకి టైము తీయండి, కానీ ప్రతిసారీ అదే 4 మీటర్లు ఉండాలి. మనిషి పట్టుకోనిదే నడవలేని స్థితిలో ఉంటే ఈ పరీక్షని థెరపిస్టు దగ్గరే చేయించండి.

దూరాన్ని సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. 10 మీటర్లకి 25 సెకన్లు పడితే సెకనుకి 0.4 మీటర్లు, 12.5 సెకన్లు పడితే 0.8. స్ట్రోక్ వచ్చినవాళ్ల మీద 1995లో జరిగిన ఒక అధ్యయనం నుంచి ఈ రెండు అంకెలూ గీతలుగా నిలిచిపోయాయి. 0.4 లోపు వాళ్లు ఎక్కువగా ఇంటి లోపలే తిరుగుతారు. 0.4 నుంచి 0.8 వరకు ఉన్నవాళ్లు బయటికి వెళ్లినా పరిమితంగానే వెళ్తారు. 0.8 దాటితే వీధిలో తిరగగలరు. "కాలు బాగుంది" అనే మాటకన్నా "నెల కిందట 25 సెకన్లు, ఇప్పుడు 18" అనే మాట డాక్టరుకి ఎంతో ఎక్కువ చెబుతుంది.

కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే టైము కూడా తీయొచ్చు. ఇందులో తూలడం ఎక్కువగా కనిపించేది మలుపు దగ్గర, కాబట్టి అక్కడ మీ చెయ్యి సిద్ధంగా ఉండాలి.

వీడియో. నెలకొకసారి ఫోన్‌ని అదే చోట, అదే ఎత్తులో, పక్కనుంచి కనిపించేలా పెట్టి మూడు పనులు రికార్డు చేయండి: గ్లాసు అందుకోవడం, చొక్కా బొత్తం పెట్టుకోవడం, ఐదడుగులు నడవడం. రోజూ చూసే కళ్లకి మార్పు కనిపించదు. మూడు నెలల కిందటి వీడియో పక్కన పెట్టుకుంటే భుజం ఎంత దిగిందో, వేళ్లు ఎంత ముందుగా తెరుచుకుంటున్నాయో తెలిసిపోతుంది. ఏ స్కేలూ పట్టలేని "ఎలా" అన్నది వీడియోలో దొరుకుతుంది.

ప్రతిసారీ అదే సమయం, అదే కుర్చీ, అదే చెప్పులు. పొద్దున కొలిచింది పొద్దునే కొలవాలి. స్ట్రోక్ తర్వాత సాయంత్రానికి వచ్చే అలసట మామూలు అలసట కాదు, అంకెల్ని కిందికి లాగేస్తుంది.

అడుగు 5: కంటికి కనిపించని నష్టాలు

చెయ్యీ కాలూ అందరికీ కనిపిస్తాయి. మిగతావి వెతికితే గానీ బయటపడవు.

మాట. అఫేజియా (మెదడు దెబ్బ వల్ల భాష దెబ్బతినడం) ఉన్నవాళ్లు కొందరు అన్నిటికీ "ఊ" అంటారు, అర్థమైందని మనం అనుకుంటాం. జవాబు "కాదు" అని రావలసిన ప్రశ్నలు కూడా కలిపి అడిగితే తెలుస్తుంది. స్పీచ్ థెరపిస్టు తమ భాషకి సరిపడే పరీక్షతో కొలవాలి. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: మనుషులు, పనులు నిండుగా ఉన్న ఒక ఫొటో ఎంచుకుని, అందులో ఏం జరుగుతోందో ఒక్క నిమిషం చెప్పమని రికార్డు చేయండి. అర్థమయ్యే మాటలు ఎన్నో లెక్కపెట్టండి. నెల తర్వాత అదే ఫొటో, అదే నిమిషం. మధ్యలో మాట అందించకండి. ఆగిపోయినప్పుడు సాయం చేయాలని మన నోరు ఆత్రపడుతుంది, ఆ ఒక్క నిమిషం ఓర్చుకోండి.

ఒక పక్కని పట్టించుకోకపోవడం. దీన్ని నెగ్లెక్ట్ అంటారు. మెదడు కుడి సగం దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువ. కన్ను బాగానే ఉంటుంది, మెదడు ఎడమ పక్క ఉందన్న సంగతే మర్చిపోతుంది. పళ్లెంలో కుడి సగమే ఖాళీ అవుతుంది. గడ్డం కుడి వైపే గీసుకుంటారు. ఆ మనిషిని అడిగితే "నాకేం లేదు" అంటారు, అబద్ధం కాదు, వాళ్లకి నిజంగానే తెలియదు. అందుకే దీన్ని అడిగి కాకుండా చేయించి కొలవాలి. కాగితం నిండా చిన్న చుక్కల గుర్తులు పెట్టి అన్నీ కొట్టేయమనండి. ఎడమ సగంలో ఎన్ని మిగిలాయో అదే మీ అంకె. ఇది సరిపడా తగ్గే వరకు వాహనం నడపడం మాటే వద్దు.

జ్ఞాపకం, ఏకాగ్రత. మోకా అనే 30 మార్కుల పరీక్ష ఎక్కువగా వాడతారు. చదువు తక్కువైనవాళ్లకీ, మాట పోయినవాళ్లకీ, కుడి చేత్తో గీయలేనివాళ్లకీ మెదడుతో సంబంధం లేని కారణాల వల్ల మార్కులు తగ్గుతాయి. అంకెతో పాటు ఆ కారణం కూడా రాయించుకోండి.

మనసు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. థెరపీకి సహకరించడం లేదని విసుక్కునే ముందు దీన్ని చూడాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక 0 నుంచి 27 వరకు లెక్క చెబుతుంది. మాట రానివాళ్ల దగ్గర ఆ ప్రశ్నలు పనికిరావు. దగ్గరుండి చూసుకునేవాళ్లు గమనించి నింపే ప్రత్యేక ప్రశ్నావళులు ఉన్నాయి, వాటిని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వినిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి.

అడుగు 6: చేయగలరా, చేస్తున్నారా

థెరపీ గదిలో అడిగితే కుడి చేత్తో దువ్వెన పట్టుకుంటారు. ఇంట్లో అదే దువ్వెన ఎడమ చేతిలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో మణికట్టుకి కట్టిన కదలిక మీటర్లతో కొలిచి చూశారు. పరీక్షలో మార్కులు పెరిగినా రోజువారీ వాడకం పెరగనివాళ్లు చాలామంది తేలారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజు మొత్తం మీద రెండు చేతుల్నీ దాదాపు సమానంగా వాడతారు, కుడిచేతి వాటం ఉన్నా సరే. పడిపోయిన చెయ్యి ఆ వాటా ఎంత అందుకుంటోందన్నది మంచి కొలత.

మీటర్లు లేకపోతే ప్రశ్నలతో పని నడుస్తుంది. మోటార్ యాక్టివిటీ లాగ్ అనే పద్ధతిలో లైటు స్విచ్చి వేయడం, తలుపు తీయడం, పళ్లు తోముకోవడం లాంటి పనుల జాబితా పెట్టుకుని ఒక్కోదానికి రెండు ప్రశ్నలు వేస్తారు: దెబ్బతిన్న చెయ్యి ఎంత వాడారు, ఎంత బాగా చేసింది. రెంటికీ 0 నుంచి 5. రోగి చెప్పేదీ, ఇంట్లో చూసేవాళ్లు చెప్పేదీ విడివిడిగా రాయండి. రెండూ కలవకపోతే గొడవపడకండి, ఆ తేడాని థెరపిస్టుకి చూపించండి.

అడుగు 7: మార్పుని చదవడం

ఏ కొలతకైనా ఊగిసలాట ఉంటుంది. ఈ రోజు 31, రేపు 33 వస్తే పండగ అక్కర్లేదు. మనిషికి తేడా తెలిసేంత మార్పు అంటే చేతి ఫ్యూగ్ల్ మేయర్‌లో సుమారు 5 మార్కులు, యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్టులో సుమారు 6, నడకలో సెకనుకి 0.16 మీటర్లు. పైన చెప్పిన 25 సెకన్ల నుంచి 18 సెకన్లకి రావడం సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది.

కొలిచేవారు వేరు, చికిత్స చేసేవారు వేరైతే మరీ మంచిది. మన కష్టం ఫలించాలన్న కోరిక స్టాప్‌వాచ్ మీద వేలిని కూడా కదిలిస్తుంది. 2015లో వెలువడిన ఏవర్ట్ పరీక్షలో స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే, ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నడిపిస్తే మంచిదనే ఆశతో రెండు వేలమందికి పైగా రోగుల్ని గమనించారు. ఎవరికి ఏ చికిత్స అందిందో తెలియనివాళ్లు మూడో నెలలో ర్యాంకిన్ వేశారు. 0 నుంచి 2 మధ్యకి చేరినవాళ్లు అలా నడిపించిన గుంపులో 46 శాతం, మామూలు సంరక్షణ గుంపులో 50 శాతం. ఆశపడ్డదానికి ఎదురు ఫలితం వచ్చింది. అలా కొలవకపోతే ఆ సంగతి బయటికి వచ్చేది కాదు.

పోయినదానిలో 70 శాతం దానంతటదే వస్తుందని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. చేతి ఫ్యూగ్ల్ మేయర్ 66కి 26 ఉంటే పోయింది 40, అందులో 28 తిరిగొస్తుంది, 54 దగ్గర ఆగుతుంది అన్నట్టు లెక్క. 2008 నుంచి దీన్ని బాగా వాడారు. మొదటి అంకెనీ, దాని నుంచే పుట్టిన మార్పునీ ఒకదానితో ఒకటి పోల్చడం వల్ల సంబంధం ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తోందని 2019లో గణితపరమైన విమర్శలు వచ్చాయి. బాగా దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఆ సూత్రం వర్తించనే వర్తించదు. ఒక మనిషి భవిష్యత్తుని ఈ లెక్కతో తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

కదలికలు వేగంగా తిరిగొచ్చేది మొదటి మూడు నెలల్లోనే. తర్వాత గీత చదునుగా కనిపిస్తుంది. "ఆరు నెలలు దాటింది, ఇక ఇంతే" అనే ముందు మూడు చూడండి: స్కేలు పైకప్పు తగిలిందా, థెరపీ తగ్గిపోయిందా, నొప్పో డిప్రెషనో అడ్డుపడుతోందా. బార్తెల్ నూరు దగ్గర ఆగితే ఆగింది స్కేలే, మనిషి కాకపోవచ్చు. అప్పుడు కష్టమైన పరీక్షకి మారాలి: ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారు, మాట్లాడుతూ నడవగలరా. మాట విషయంలోనైతే ఏళ్ల తర్వాత కూడా శిక్షణతో మెరుగుదల కనిపిస్తుంది.

అడుగు 8: వాళ్లకి కావలసింది వాళ్ల మాటల్లో

ఇది చివర రాస్తున్నా మొదటి వారంలోనే అడగాలి. "మీకు మళ్లీ ఏం చేయాలని ఉంది?" మాట రానివాళ్లకి బొమ్మలు చూపించి అడగండి. వచ్చిన జవాబుని గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ పద్ధతిలో ఐదు మెట్లుగా రాయొచ్చు. 1968 నుంచి వాడుకలో ఉంది. ఉదాహరణకి మనవరాలితో ఫోన్‌లో మాట్లాడాలన్నది కోరిక అనుకోండి. అసలు మాట్లాడలేకపోవడం మైనస్ 2. పక్కన ఎవరైనా అందిస్తే రెండు మాటలనడం మైనస్ 1. సాయం లేకుండా రెండు నిమిషాలు మాట్లాడటం సున్నా, అంటే మూడు నెలలకి మనం ఆశించేది. ఐదు నిమిషాలైతే ప్లస్ 1. తనే ఫోన్ చేసి మాట్లాడితే ప్లస్ 2. మెట్లు ముందే రాసి తేదీ వేయాలి, తర్వాత దిద్దకూడదు.

దీనితో పాటు స్ట్రోక్ ఇంపాక్ట్ స్కేలు చివర ఉండే ఒక ప్రశ్న నాకు ఇష్టం. 0 నుంచి 100 వరకు నిలువు గీత చూపించి, మీరెంత కోలుకున్నారనుకుంటున్నారో గుర్తు పెట్టమంటారు. "ఎంత పర్సెంట్" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు ఉన్నది ఆ మనిషికే. మా అంకెలన్నీ 80 దాటాక కూడా 40 దగ్గర గీత పెట్టినవాళ్లున్నారు. అలాంటప్పుడు మా అంకెలు పక్కన పెట్టి, మిగతా 60 ఏమిటని అడుగుతాను.

చూసుకునేవాళ్ల నిద్ర, నడుము నొప్పి, పని మానేసిన రోజులు కూడా అదే నోట్‌బుక్‌లో ఒక పేజీ కావాలి. వాళ్లు పడిపోతే రోగి కోలుకోవడం కూడా అక్కడితో ఆగుతుంది.

మొదట చెప్పిన ఆవిడ ఫైలు మర్నాడే మళ్లీ తెరిచాను. కొత్త పేజీలో రాసుకున్నది ఇది. బార్తెల్ 100, ఎడమ చేత్తో. కుడి చెయ్యి ఫ్యూగ్ల్ మేయర్ 66కి 19. భుజం పక్కకి కొద్దిగా లేస్తోంది, చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర చాచుకుంటోంది. కుడి చెయ్యి ఇంట్లో వాడకం 0. నడక 10 మీటర్లకి 14 సెకన్లు, కర్ర లేదు. నిలువు గీత మీద ఆవిడ పెట్టిన గుర్తు 30. ఆవిడ మాటల్లో లక్ష్యం: "రెండు చేతులతో జడ వేసుకోవాలి." మళ్లీ కొలిచే తేదీ, నాలుగు వారాలకి, ఉదయం పది గంటలు, అదే కుర్చీ.